ప్లస్ గుర్తుతో మొదలుపెట్టి మెయిల్ సర్వర్ దాకా

భావనపాడు పోర్టు అని ఏళ్ల తరబడి విన్నాం. చివరికి 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుగా శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి సంతబొమ్మాళి మండల యువత అడిగేది ఒకటే: మాకు అందులో ఏం పని దొరుకుతుంది? క్రేన్లు, వెల్డింగ్, ఎలక్ట్రికల్ పనుల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఆఫీసు లోపలి పని ఒకటి చెబుతాను. ఓడల ఏజెంట్లకు ఓడ రాక సమాచారం, కస్టమ్స్ కాగితాలు, లారీ బిల్లులు అన్నీ మెయిల్లోనే వస్తాయి. వాటిని వచ్చినవి వచ్చినట్టే విడదీసి ఫోల్డర్లలో పడేలా చేయగలవాళ్లు ఏ ఆఫీసుకైనా కావాలి.

ముందు మీ జీమెయిల్‌తో మొదలుపెట్టండి. అడ్రసులో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఓ మాట చేర్చండి: మీపేరు+బ్యాంకు. మెయిల్ మీకే వస్తుంది, ఫిల్టర్ పెడితే దానికి లేబుల్ పడుతుంది. ఒక్కో జాబ్ సైటుకు ఒక్కో మాట ఇస్తే, మీ అడ్రసు ఎక్కడి నుంచి బయటికి పోయిందో కూడా తెలుస్తుంది. ప్రభుత్వ పరీక్షల దరఖాస్తుల్లో మాత్రం మామూలు అడ్రసే ఇవ్వండి. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, హాల్‌టికెట్ విషయంలో ప్రయోగాలొద్దు.

ఇదంతా వాడకం. ఉద్యోగానికి పనికొచ్చేది దీన్ని సర్వర్లో సొంతంగా నడిపించడం. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి ఉబుంటు వేయండి. మెయిల్ అందుకునేందుకు వీట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాసిన పోస్ట్‌ఫిక్స్, దాన్ని మెయిల్‌బాక్సుల్లో దాచేందుకు టిమో సిరైనెన్ రాసిన డవ్‌కాట్ కావాలి, రెండూ ఉచితమే. పోస్ట్‌ఫిక్స్‌లో రెసిపియెంట్ డిలిమిటర్‌గా ప్లస్ గుర్తు పెడితే, అది ప్లస్ గుర్తు, దాని తర్వాతి మాట ఉన్న తోకను తీసేసి మనిషిని గుర్తుపడుతుంది. పూర్తి అడ్రసును ఎల్‌ఎంటీపీ అనే పద్ధతి ద్వారా డవ్‌కాట్‌కు అందించేలా అమర్చుకోవాలి. తోకలోని మాటను బట్టి ఫోల్డర్ ఎంచుకునే నియమాన్ని అక్కడ సీవ్ భాషలో రాస్తారు. ఆ సదుపాయానికి 2008లో వచ్చిన ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5233.

డవ్‌కాట్‌లో అడ్డదారి ఒకటుంది: తోకలోని మాట పేరున్న ఫోల్డర్‌లోకే నేరుగా పంపడం. దానికి తోడు ఫోల్డర్లు వాటంతటవే పుట్టే సెట్టింగ్ కూడా ఉంటే, బయటివాళ్లెవరైనా నోటికొచ్చిన మాటలతో మీ మెయిల్‌బాక్స్ నింపేయొచ్చు. అందుకే తెలిసిన మాటలను మాత్రమే సీవ్‌లో రాయడం మేలంటాను.

ఇంకో సంగతి బాగా పట్టుకోండి. నియమం మెయిల్ పైన కనిపించే 'టు' గడిని చూడాలా, ఎన్వలప్‌ను చూడాలా? ఎన్వలప్‌నే. ఎవరైనా మిమ్మల్ని బీసీసీలో పెడితే 'టు' గడిలో మీ అడ్రసు కనిపించదు, సర్వర్ల మధ్య నడిచే ఎన్వలప్‌లో మాత్రం ఉంటుంది. దీన్ని చేసి చూసినవాళ్లకూ చదివి వదిలేసినవాళ్లకూ తేడా ఇంటర్వ్యూలో ఇట్టే తెలిసిపోతుంది.

ఇళ్ల ఇంటర్నెట్‌లో, సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25వ నంబరు పోర్టు చాలాచోట్ల మూసే ఉంటుంది. దానికి దిగులుపడొద్దు, ఒకే మెషీన్లో ఇద్దరు యూజర్లను పెట్టి ఒకరి నుంచి ఒకరికి పంపుకోండి. టెక్కలిలోనో, ఎచ్చెర్లలోనో చదువుతున్నవాళ్లు స్నేహితులతో కలిసి కూర్చోండి. ఒకరు కావాలనే ఓ సెట్టింగ్ చెడగొట్టాలి. మెయిల్ ఎక్కడ ఆగిందో మరొకరు లాగ్ చదివి పట్టుకోవాలి.