కార్తె చూసి పాదు పెట్టు

1. పొట్లం మీది తేదీ పొట్లం పుట్టిన ఊరిది.

అమెరికాలో ఉన్న మనవడు టమాటా విత్తనాలు పంపాడు. మంచు గడ్డకట్టే రాత్రులు వెళ్లిపోయాకే నాటమని పొట్లం మీద రాసి ఉంది. మా తనకల్లులో నీళ్లు గడ్డకట్టిన రాత్రి నేనెరుగను. అక్కడ తోటకు చలి అడ్డం, ఇక్కడ ఎండ అడ్డం. పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పూస్తుంది గానీ పిందె నిలవదు. ఆ సంగతి తెలియక, చెట్టు పచ్చగా ఉంది కదా అని వేసవంతా బిందెలు మోశాను. ఆ నీళ్లు గేదెకు పెట్టి ఉంటే పాలైనా ఇచ్చేది.

2. తొలి పదునుకే విత్తనమంతా పోయకు.

పడమటి కనుమలు దాటొచ్చే నైరుతి మేఘంలో మనకు మిగిలేది కొంచెమే. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. 2022లో మన మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో కలిసింది గానీ, వాన మాత్రం పాత అనంతపురం లెక్కే. అందుకే మృగశిరకు గోరుచిక్కుడు, అలసంద లాంటి బెట్టకు ఓర్చేవే వేస్తాను. టమాటా, వంగ, మిరప నారు ఆగస్టులో పోస్తే ఉత్తర, హస్త కార్తెల వానకు నాటు అందుతుంది. వయసులో ఉన్నప్పుడు మా నాయన ఈ మాట చెబితే చాదస్తమనుకుని, జూన్‌లోనే నాటేసి జులై గాలికి నారంతా పోగొట్టుకున్నాను.

3. అనపను తొందరపెట్టలేవు.

పొద్దు పొట్టిదైతే తప్ప నాటు అనప పూతకు రాదు. ముందుగా వేస్తే తీగ పెరుగుతుంది, కాయ మాత్రం చలికాలానికే. మంచు పడే పొద్దుల్లో లేత కొసలు తిప్పి చూడాలి, నల్లగా పేనుబంక గుంపు కట్టి ఉంటుంది. వేపగింజల కషాయం అప్పుడే కొట్టాలి, ముదిరాక కొడితే లాభం లేదు. మంచి కాయ తెంపితే వేళ్లకు జిడ్డుగా అంటుకుని, సాయంత్రం దాకా ఆ వాసన పోదు. గింజలు నానబెట్టి పితికిన పప్పుతో పులుసు చేసి, రాగి సంగటిలోకి వేసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు.

4. నీళ్లు చూసి తోట వెయ్యి, తోట వేసి నీళ్లు వెతక్కు.

ఎండుతున్న కూరపాదుల కోసం అప్పు చేసి ఇంకో బోరు వేయించాను. దుమ్ము లేచింది. ఇప్పుడు శివరాత్రి నాటికి బోరు పోసే ధార చూసి వేసవి పాదులు తేల్చుకుంటాను. నిరుడు సొర పాదులు రెండు, కరివేపాకు చెట్టు, అంతే. మొదళ్లకు చెనక్కాయ పొట్టు కప్పాను, రోజు విడిచి రోజు తడి చాలింది.