నూనెలో అరిసె విడిపోతుంటే...

ప్రశ్న: ఈసారి సంక్రాంతికి పిల్లలంతా వస్తున్నారు. నేను వేసే అరిసెలేమో నూనెలో విడిపోతుంటాయి. ఎందుకంటారు?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: పాకం లేతగా ఉండగానే దించేస్తున్నట్టున్నారమ్మా. పళ్లెంలో నీళ్లు పోసి ఓ చుక్క పాకం వేయండి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. పళ్లేనికేసి కొడితే టంగుమందా, ముదిరిపోయినట్టే, అరిసెలు రాళ్లవుతాయి. పిండి సంగతీ చూసుకోండి. రాత్రంతా నానిన బియ్యం వడకట్టి, తడి ఆరకముందే మర పట్టించి, గుప్పిట పడితే ముద్దయ్యేలా ఉండగానే పాకంలో కలపాలి. ప్యాకెట్ పిండితో ఆ మెత్తదనం రానే రాదు. వేగిన అరిసెల్లోంచి చెక్కలతో నూనె ఒత్తే పని అల్లుడికి అప్పగించండి, కొత్తల్లుడైతే మరీ సరదా! పాకం పిండి కొంచెం వేయించకుండా తీసి ఉంచండి. ఆ చలిమిడి కోసం పిల్లలు గిన్నె చుట్టూ మూగుతారు.