రీజనింగ్ మార్కులు పదిలో కలుస్తాయా?

ప్రశ్న: మా గుంటడు వజ్రపుకొత్తూరు మండలంలో సర్కారు బడిలో ఎనిమిది చదువుతున్నాడు. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు పరీక్ష కోసం మాస్టారు సాయంత్రాలు రీజనింగ్ చేయిస్తున్నారు. ఆ మార్కులు పదో తరగతి రిజల్టులో కలుపుతారని కొందరు, కలపరని కొందరు అంటున్నారు. నేను పలాసలో జీడిపిక్కల పనికి పోతాను. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి

జవాబు: కలపరమ్మా. పదిలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. ఎనిమిదిలో రాసిన పరీక్షకు అందులో చోటు లేదు. కానీ లంకె అటునుంచి ఇటు ఉంది, అది మీకెవరూ చెప్పినట్టు లేదు. ఎన్ఎంఎంఎస్‌కి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఇంటర్‌లోనూ ఆ డబ్బు రావాలంటే పదిలో 60 శాతం తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 55 చాలు. పది అయ్యాక ప్రైవేటు కాలేజీలో చేర్చినా ఆగిపోతుంది. ఏటా ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయించడం మరవకండి. కష్టపడి గెలుచుకున్న స్కాలర్‌షిప్పు ఈ ఒక్క పని జరగక పోతే ఎంత బాధ!

చదువు సంగతికొస్తే, పరీక్షలో సగమే రీజనింగ్. 90 ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీ, మిగతా 90 ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషల్, లెక్కల నుంచే. అందుకని పాఠ్యపుస్తకం పక్కన పెట్టి గైడు పట్టుకుంటే రెండింటా నష్టమే. పుస్తకం చదివించండి, రీజనింగ్ రోజుకో గంట చాలు. మైనస్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దని చెప్పండి.

ప్రశ్న: నాకు ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ రాలేదు. మెంటల్ ఎబిలిటీలో మరీ తక్కువొచ్చాయి. ఇప్పుడు పది. నాకు బుర్ర లేదని, ట్రిపుల్ ఐటీ ఆశ వదులుకోమని ఇంట్లో అంటున్నారు.
– విద్యార్థిని, టెక్కలి

జవాబు: ఆ మాట నమ్మకు తల్లీ. 90 నిమిషాల్లో 90 ప్రశ్నలంటే నిమిషానికొకటి. అలాంటివి ముందే చేసి అలవాటున్నవాళ్లకి చేయి ఆడుతుంది, లేనివాళ్లకి ఆడదు. ఆ ఒక్క పూట నీ తెలివి మొత్తాన్ని కొలవలేదు. పదో తరగతి పేపర్లు చాలావరకు మూడుంబావు గంటలు కూర్చుని, ఆలోచించి, సొంత వాక్యాల్లో రాసేవి. అది వేరే పని.

ట్రిపుల్ ఐటీ సీట్లు ఇచ్చేది పది మార్కులతోనే. కరోనా వల్ల 2020, 2021లో పది పరీక్షలు జరగనప్పుడు మాత్రం ఎంట్రెన్స్ పెట్టారు. సర్కారు బడి పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఎచ్చెర్ల క్యాంపస్ మన జిల్లాలోనే ఉంది. ఆశ వదలకు, రోజూ ఒక జవాబు చూడకుండా రాసి మీ టీచరుకి చూపించు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉన్న మా మనవరాలు పన్నెండో తరగతి. ‘గ్యాట్’ అనే పరీక్ష మార్కుల్లో కలవదట, అయినా తప్పక రాయాలట. కలవనిదానికి రాయడమెందుకు?
– రిటైర్డ్ ఉద్యోగి, సోంపేట

జవాబు: నేరుగా కలవదండి, కానీ వెనకాల పనిచేస్తుంది. బడులు వేసిన మార్కుల్ని సరిచూడటానికి, ఫైనల్ పేపరు దిద్దడంలో తేడా వచ్చిందేమో పట్టుకోవడానికి వాడతారు. మన పదిలోనూ ఒకప్పుడు బడులే వేసే 20 ఇంటర్నల్ మార్కులుండేవి. కొన్నిచోట్ల అడక్కుండానే 20కి 20 వేస్తున్నారన్న విమర్శలొచ్చి 2019లో తీసేశారు. సరిచూసే ఏర్పాటేదైనా ఉంటే, ఏడాది పొడవునా పిల్లలు చేసిన పనికి విలువ మిగిలేదని నా నమ్మకం. అయితే అది ఇంట్లో ఇంగ్లీషు, పుస్తకాలు ఉన్న పిల్లలకే అనుకూలించే పరీక్ష కాకూడదు.

ఇంకొకటి. ఫైనల్ పరీక్ష రోజున జబ్బు చేస్తే, ఆ సబ్జెక్టులో ఎంత వచ్చేదో అంచనా వేసేటప్పుడు గ్యాట్ మార్కుల్నీ చూస్తారు. అందుకే తేలిగ్గా తీసుకోకుండా రాయమని మనవరాలికి చెప్పండి.