ఏం మానేశారు?

తల్లీ,

మీ పేషెంటు చేత ఏ వ్యాయామాలు చేయించాలో రెండు పేజీలు రాశావు. నాకు కావలసిన మాట మాత్రం ఆఖరి వాక్యంలో, అదీ ఏదో గుర్తొచ్చినట్టు పడేశావు. ఊళ్లో ఉన్నప్పుడు పన్నెండేళ్లుగా రాత్రిపూట అల్ప్రాజోలామ్ వేసుకునేదట, హైదరాబాదులో కొడుకింటికొచ్చాక దొరక్క మానేసిందట. ఉత్తరం అక్కణ్ణుంచి మొదలుపెట్టాల్సింది కదే!

దొరకకపోవడం వింతేమీ కాదు. 2014 నుంచి ఆ బిళ్ల షెడ్యూల్ హెచ్1లో ఉంది. డాక్టరు చీటీ చూసి, రిజిస్టర్లో రాసుకుని గానీ ఇవ్వకూడదు. ఊళ్లో మెడికల్ షాపు అబ్బాయి ముఖం చూసి ఇచ్చేవాడు, ఇక్కడ షాపువాళ్లు ఇవ్వలేదు. వాళ్లు చేసింది సరైన పనే. కానీ పన్నెండేళ్ల అలవాటు ఒక్క రాత్రితో తెగిపోయింది, ఆ సంగతి ఏ డాక్టరు చెవినా పడలేదు. ఆవిడ దాచిందని అనుకోకు. మన ముసలివాళ్ల లెక్కలో బీపీ బిళ్ల మందు, షుగరు బిళ్ల మందు; నిద్రబిళ్ల మందు కాదు. అందుకే మందులేం వాడుతున్నారని అడిగితే ఆ పేరు రాదు. ఏం మానేశారని అడగాలి. ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసులో నేర్చుకున్నదాంట్లో నీకు ఒక్కటే ఇవ్వమంటే ఈ ప్రశ్నే ఇస్తాను. ఇది నాకు ఉచితంగా రాలేదు.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రిటైరైన మాస్టారొకాయన భార్యను తీసుకొచ్చారు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. ఎప్పుడో ఎవరో రాసిచ్చిన డయజిపామ్ పదిహేనేళ్లుగా వేసుకుంటోంది. ఈ వయసులో నిద్రమాత్రలేమిటండీ అని, ఆ అట్ట తీసుకుని ఆవిడ ఎదుటే చెత్తబుట్టలో పారేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. వారం తిరక్కుండా మాస్టారు వచ్చి, హాయిగా ఉందమ్మా అన్నారు. ఆ హాయి ఎందుకో నాకప్పుడు తట్టలేదు. డయజిపామ్ ముసలి ఒంట్లోంచి తొందరగా పోదు. ఇరవై ఏళ్లవాడిలో సగం పోవడానికి ఇరవై గంటలు పడితే, ఎనభై ఏళ్లవాళ్లలో తొంభై దాకా పడుతుందని 1975లోనే తేల్చారు. అంటే నేను అట్ట పారేసినా మందు ఇంకా ఆవిడ ఒంట్లోనే ఉంది.

రెండో వారం చివర మాస్టారి భుజం పట్టుకుని వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, పిక్కలు బిగుసుకుపోయాయి. కునుకు పట్టేసరికి కాళ్లు ఎగిరిపడుతున్నాయి, నేలమీద అడుగు వేస్తే దూది మీద వేసినట్టుందమ్మా అంది. నేనేం చేశాను? పార్కిన్సన్స్ అని రాసి ట్రైహెక్సీఫెనిడిల్ మొదలుపెట్టాను. దానితో మతి తప్పింది. ఎప్పుడో పోయిన వాళ్లమ్మతో రాత్రంతా మాట్లాడేది. ఓ తెల్లవారుజామున పెరట్లోకి వెళ్తూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో తల పండిన ఫిజీషియన్ ఒకాయన మాస్టారిని ఒకే ప్రశ్న అడిగారు: "ఈ మధ్య ఈవిడ ఏం మానేసింది?" మాస్టారు నావైపు తిరిగి, కోపం లేకుండా, "మీరు చెప్పినట్టే మానేసిందమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మందు తెచ్చిన బాధను కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడం, అది తెచ్చిన బాధకు మరొకటి. దీన్ని ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారని, 1990లలో దాని మీద వ్యాసాలు వచ్చాయని తర్వాత చదివాను. నేను దాన్ని ముందు చేసి, పేరు తర్వాత తెలుసుకున్నాను.

ఇక మీ పేషెంటు. ఆవిడ వణుకు చూస్తే పార్కిన్సన్స్ అనిపించవచ్చు, కానీ ఆ జబ్బు మూడు వారాల్లో ఊడిపడదు. దాని వణుకు సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది, చేయి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు నెమ్మదిగా కనిపిస్తుంది. ఈవిడకు రెండు చేతులూ, కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు సన్నగా, గబగబా వణుకుతున్నాయని నువ్వే రాశావు. చెమటలు, గుండెదడ, కుక్కర్ కూత పెడితే ఉలికిపాటు కూడా రాశావు. మెదడుకు పగ్గం వేసే గాబా సంగతి నీకు తెలుసు, పాఠం చెప్పను. ఇంకొకళ్లు పగ్గం పట్టుకున్నన్నాళ్లూ మన చేయి పట్టు మరిచిపోతుంది. వాళ్లు ఒక్కసారి వదిలేస్తే బండి ఎటు పోతుందో అదీ.

అయినా నా మాట పట్టుకుని అదేనని తీర్మానించేయకు. ఆ బిళ్ల అన్నాళ్లూ ఇంకోదాన్ని కప్పి ఉంచి ఉండొచ్చు. పాత వణుకును, కాళ్లలో నిలవనీయని గుంజుడును ఈ జాతి మందులు అణచిపెడతాయి, ఆపగానే అవి బయటపడతాయి. కాబట్టి మందుల సంచీ మొత్తం మంచం మీద గుమ్మరించమను. గ్యాసు బిళ్లలో లెవోసల్పిరైడ్ కలిసి ఉందేమో చూడు. కళ్లు తిరుగుతున్నాయని వేసే ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజీన్ ఉన్నాయేమో చూడు. ఇవి ముసలివాళ్లలో అచ్చం పార్కిన్సన్స్‌లాంటి నడక తెప్పిస్తాయి. ఈ మధ్య పడి తలకు దెబ్బ తగిలిందా అనీ అడుగు. రక్తంలో సోడియం, థైరాయిడ్ చూడాలని డాక్టరు గారికి వేరే చెప్పనక్కర్లేదు.

బిళ్ల మళ్లీ ఇవ్వాలా, వద్దా అన్నది నీ పని కాదు, నాదీ కాదు. ఆవిడను చూస్తున్న డాక్టరుది. మళ్లీ కొద్దిగా మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఐదు, పది శాతం చొప్పున తగ్గించడం ఇప్పుడు చెబుతున్న పద్ధతి. న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్లు ఇందుకోసమే క్లినిక్ నడిపింది. నెమ్మదిగా దిగాలని లోకానికి ఎక్కువగా నేర్పింది ఆవిడే. డయజిపామ్‌కు మార్చి తగ్గించడం ఆవిడ పద్ధతే గానీ, నా పేషెంటు కథ విన్నావుగా, ముసలి ఒంట్లో అది పేరుకుపోతుంది. కళ్లు మూసుకుని అనుసరించేది కాదు. ఫిట్స్ వచ్చినా, లేనివాళ్లు కనిపిస్తున్నారన్నా, ఒళ్లు కాలిపోతూ బిగుసుకుపోయినా ఓపీ దాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి పంపించు.

నీ పనికొద్దాం. పిక్కలు బిగుసుకున్నాయని లాగి సాగదీస్తున్నావట. మానెయ్. ఉలిక్కిపడే కండరాన్ని లాగితే ఇంకా బిగుస్తుంది. పడుకున్నప్పుడు ఓసారి బీపీ చూడు. మంచం అంచున కూర్చోబెట్టి రెండు నిమిషాలు ఆగు, నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడు; పై అంకె ఇరవై పడిపోతే తూలడానికి ఇంకో కారణం దొరికినట్టే. ఈ వారం కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, గోడ పక్కన నాలుగడుగులు, అంతే. లేచి మూడు మీటర్లు నడిచి వచ్చి కూర్చునే పరీక్ష వారానికోసారి, ఒకే వేళకు పెట్టి సెకన్లు రాసుకో. పన్నెండు దాటితే పడే ప్రమాదం ఉన్నట్టు. ఒకరోజు బాగా నడిచి మర్నాడు చతికిలబడితే ఆవిణ్ణి కసరకు. ఈ బాధ అలలు అలలుగా వస్తుంది. సహకరించడం లేదని కేస్ షీట్లో రాశావు చూడూ, ఆ మాట కొట్టేయ్. రాత్రి బాత్‌రూమ్ దాకా లైటు వేసి ఉంచమని, అరిగిపోయిన హవాయి చెప్పులు తీసేయమని కొడుకుతో చెప్పు.

ఆవిడకు చెబితే అర్థం కాదనుకోకు. క్యూబెక్‌లో అరవై ఐదు దాటినవాళ్లకు ఈ బిళ్లల సంగతి, తగ్గించే దారి వివరిస్తూ చిన్న పుస్తకం ఇచ్చారు. 2014లో ప్రచురించారు: ఆర్నెల్లకు నూటికి 27 మంది పూర్తిగా మానగలిగారు, పుస్తకం ఇవ్వనివాళ్లలో 5 మందే. పక్కన కూర్చుని, ఇది నీ పిచ్చి కాదమ్మా, మందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల కావచ్చు అని చెప్పి చూడు. నా పేషెంటుకు ఆ ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

రేపు పొద్దున్నే యూనిట్ డాక్టరు గారికి చెప్పు. ఇంటర్న్‌వి నీకెందుకని విసుక్కున్నా సరే, బిళ్ల పేరు, మోతాదు, మానేసిన తేదీ కాగితం మీద రాసి చేతికివ్వు. వచ్చే ఉత్తరంలో ఆ సంచీలో ఏమేం ఉన్నాయో ముందు రాయి. నీ జలుబు సంగతి తర్వాత.

నీ పెద్దమ్మ