ర్యాక్ లెక్క వచ్చినవారికే డేటా సెంటర్ కొలువు

అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను 2022 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభించింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ విద్యార్థుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న, ఏ సర్టిఫికెట్ చేస్తే ఉద్యోగం వస్తుందనే. సర్టిఫికెట్లు పనికొస్తాయి, కాదనను. అయితే వాటికంటే ముందు ఒక చిన్న పని నేర్చుకోమని నా సలహా: ఒక మామూలు ఆఫీసుకు ఏ సర్వర్ ర్యాక్ సరిపోతుందో లెక్క కట్టి, ఎందుకో చెప్పగలగాలి. చూడటానికి ఇనుప బీరువా కొనడంలా కనిపించే ఈ పనిలో కరెంటు, చల్లదనం, నెట్‌వర్క్, గది కొలతలు అన్నీ ఒకచోట కలుస్తాయి. డేటా సెంటర్లో రేపు చేయబోయే పనికి అసలు పునాది అదే.

ముప్పై మంది పనిచేసే ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ను ఊహించుకోండి. ర్యాక్‌లో బిగించే పరికరాల ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నుంచి వస్తున్న కొలత ఇది. ఎత్తును మాత్రం ‘యూ’లలో లెక్కిస్తారు; 1యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. రెండు ప్యాచ్ ప్యానెళ్లకు 2యూ, రెండు కేబుల్ మేనేజర్లకు 2యూ, రెండు స్విచ్‌లకు 2యూ, ఫైర్‌వాల్‌కు 1యూ, సీసీ కెమెరాల రికార్డర్‌కు 2యూ, సర్వర్‌కు 2యూ, యూపీఎస్‌కూ దాని బ్యాటరీలకూ 4యూ వేసుకుంటే మొత్తం 15యూ. రేపటి అవసరాలకు ముప్పై శాతం ఖాళీ ఉంచాలంటే 22యూ ర్యాక్ కావాలి. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. అసలు పొరపాటు లోతు దగ్గర జరుగుతుంది. స్విచ్‌లకు 600 మిల్లీమీటర్ల లోతు చాలు. కానీ 2యూ సర్వర్లు చాలావరకు 700 మిల్లీమీటర్లు దాటి ఉంటాయి, వెనుక కేబుళ్లు వంగడానికీ చోటు కావాలి. కాబట్టి 1,000 మిల్లీమీటర్ల లోతున్న ర్యాక్ తీసుకోవాలి. ఎత్తు మాత్రమే చూసి కొంటే, సర్వర్ వచ్చిన రోజున వెనుక తలుపు మూసుకోదు.

తర్వాతి లెక్క కరెంటుది, వేడిది. ర్యాక్‌లోని పరికరాలు 1,200 వాట్లు వాడుతున్నాయని, పీఓఈ స్విచ్ కేబుళ్ల ద్వారా కెమెరాలకు మరో 300 వాట్లు పంపుతోందని అనుకుందాం. యూపీఎస్ మోయాల్సింది మొత్తం 1,500 వాట్లు. కెమెరాల వాటా వేడి మాత్రం ర్యాక్‌లో కాదు, కెమెరాలున్న చోట పుడుతుంది. 0.9 పవర్ ఫ్యాక్టర్ ఉన్న 2 కేవీఏ యూపీఎస్ ఇచ్చేది 1,800 వాట్లే. ఈ లోడుతోనే అది 83 శాతం నిండిపోతుంది. అందుకే 3 కేవీఏ అడగాలి. ఇక 1,200 వాట్ల వేడి అంటే గంటకు సుమారు 4,100 బీటీయూ, టన్ను ఏసీలో మూడో వంతు. అంకె చిన్నదే. కానీ ఆఫీసు ఏసీ సాయంత్రం ఆగిపోతుంది, ఆదివారం అసలు వేయరు. సర్వర్ మాత్రం రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. మే నెలలో మూసి ఉన్న గదిలో అద్దం తలుపున్న ర్యాక్ పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సర్వర్లు ముందు నుంచి గాలి పీల్చి వెనక్కి వదులుతాయి కనుక రంధ్రాల తలుపులు కావాలి, ఖాళీ యూలను బ్లాంకింగ్ ప్యానెళ్లతో మూయాలి. బరువైన బ్యాటరీలు అడుగున ఉండాలి.

అంతా క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంటే ఈ లెక్కలెందుకని అడిగేవారున్నారు. క్లౌడ్ కూడా ర్యాక్‌ల మీదే నడుస్తుంది. అవి మన కంటికి కనిపించని చోట ఉన్నాయి, అంతే. సర్వర్ తరలిపోయినా స్విచ్‌లు, ప్యాచ్ ప్యానెళ్లు, రికార్డర్, యూపీఎస్ ఆఫీసులోనే మిగులుతాయి. ఏఐ యంత్రాల ముందు ఈ చిన్న ర్యాక్ పాఠం పాతబడిపోలేదా అన్నది మరో సందేహం. ఎన్విడియా జీబీ200 ఎన్‌వీఎల్72 ఒక్క ర్యాకే సుమారు 120 కిలోవాట్లు వాడుతుంది. అంటే దాదాపు 34 టన్నుల చల్లదనం కావాలి. గాలి చాలదు కాబట్టే ద్రవంతో చల్లబరుస్తారు. పద్ధతి మారింది కానీ, వాడిన ప్రతి వాటూ వేడిగా మారుతుందన్న సూత్రం మారలేదు. 1,200 వాట్లకు లెక్క కట్టినవారు లక్షా ఇరవై వేల వాట్లకూ కట్టగలరు.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. డేటా సెంటర్‌కు పెట్టే పెట్టుబడితో పోలిస్తే అందులో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. షిఫ్టులుంటాయి, తొలి జీతం సాఫ్ట్‌వేర్‌తో సమానంగా ఉండకపోవచ్చు. ఇది నిజం, దాచి ప్రయోజనం లేదు. అందుకే ఒక్క డేటా సెంటర్ గేటు ముందే నిలబడవద్దంటున్నాను. ఆసుపత్రులు, బ్యాంకులు, కాలేజీలు, ఫ్యాక్టరీలు, వాటికి కేబులింగ్ చేసే సంస్థలు, అన్నిటికీ ర్యాక్ తెలిసిన మనిషి కావాలి. ఈ పని బీటెక్ స్థాయికి తగదనే మాటను మాత్రం ఒప్పుకోను. చేత్తో బిగించడం ఈ వృత్తిలో తొలి మెట్టు. డిజైన్, కెపాసిటీ ప్లానింగ్, ఫెసిలిటీ నిర్వహణ పై మెట్లు. కింది మెట్టు తెలియకుండా పైన కూర్చున్నవారు గీసిన ప్లాన్ సైట్‌లో నిలవదు.

ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్, ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడులవారు, ఎలక్ట్రికల్, ఈసీఈ డిప్లొమా, బీటెక్ చదివినవారు ఎవరైనా ఈ దారిలో నడవచ్చు. ఎవరికి ఏ భాగం రాదో అది నేర్చుకోవాలి: ఎలక్ట్రీషియన్ సీసీఎన్ఏ స్థాయి నెట్‌వర్కింగ్, నెట్‌వర్క్ చదివినవారు కరెంటు లోడు లెక్క. సర్వర్ మరమ్మతు వైపు వెళ్లేవారికి కాంప్‌టియా సర్వర్ ప్లస్, కేబులింగ్ వైపు వెళ్లేవారికి బిక్సీ సర్టిఫికెట్లు ఉన్నాయి. వాటి ఫీజు కట్టే ముందు అనుమతి తీసుకుని మీ కాలేజీ ల్యాబులోని ర్యాక్ కొలవండి. ఏ యూలో ఏముందో బొమ్మ గీయండి. వాట్లు, వేడి, లోతు, ఖాళీ రాసి, ఏం మార్చాలో, ఎందుకు మార్చాలో కింద రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ ఒక్క పేజీని రెజ్యుమెకు జతచేయండి. ఇంటర్వ్యూలో మీ ముందు కూర్చున్న ఇంజినీరు ప్రశ్నలు దాని మీద నుంచే మొదలవుతాయి. వాటికి జవాబులు మీరు టేపు పట్టి కొలిచినవే కాబట్టి, తడుముకోవాల్సిన పని ఉండదు.