ముందు పప్పు కొనండి

కర్నూలు జిల్లాలో ఒక ప్రభుత్వ హాస్టల్‌లో వంటమనిషిగా చేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమంతా పొయ్యి దగ్గరే గడిచింది. ఇప్పుడు మా మనవళ్ళు, వాళ్ళ స్నేహితులు హైదరాబాద్‌లో గదులు తీసుకుని ఉంటున్నారు. కొందరివి కోచింగులు, కొందరివి చిన్న ఉద్యోగాలు. అద్దె, ఫీజు, బస్సు పాసు పోగా ఏం మిగిలితే దాంతోనే తిండి. ఫోన్ చేసి "తిన్నావా నాయనా" అంటే "తిన్నా అవ్వా" అంటారు. ఏం తిన్నావని అడిగితే మాత్రం ఒకరోజు టొమాటో రైస్, ఒకరోజు నూడుల్స్, ఒకరోజు ఉత్త పెరుగన్నం. కడుపు నిండుతోంది, ఒంట్లో మాత్రం సత్తువ ఉండటం లేదు. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలనే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొత్తగా కాపురం పెట్టిన ఆడపిల్లలకూ, పెద్ద కుటుంబాన్ని చిన్న జీతంతో నెట్టుకొస్తున్న వాళ్ళకూ ఇవి పనికొస్తాయి.

1. నెల మొదట్లో పప్పుల లెక్క తేల్చండి

అందరూ ముందు బియ్యం బస్తా కొంటారు. తర్వాత నూనె, గ్యాసు, పాలు. చివర్లో చేతిలో మిగిలిన దాన్నిబట్టి కందిపప్పు అరకిలోనో కిలోనో తెస్తారు. ఈ వరసను తిరగెయ్యమనేదే నా మొదటి మాట.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్కకట్టి చెప్పేది వాళ్ళే. పెద్ద మనిషికి రోజుకు సుమారు 85 గ్రాముల పప్పు దినుసులు కావాలంటారు. అంటే నెలకు రెండున్నర కిలోలు. ముగ్గురుండే గదికి ఏడున్నర కిలోలు. "మీరు ఎంత తెచ్చార్రా" అని మావాళ్ళను అడిగితే ముగ్గురికీ కలిపి కిలో అన్నారు. ఆ కిలో కూడా నెలాఖరుకు కాస్త మిగిలిందట.

హాస్టల్‌లో నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను. సరుకు తక్కువ పడి పప్పు నీళ్ళగా చేసిన రోజున అన్నం ఎక్కువ వండాల్సి వచ్చేది. పిల్లలు రెండోసారి, మూడోసారి వడ్డించుకునేవాళ్ళు. అంత తిన్నా రాత్రి చదువుకునే వేళకు మళ్ళీ ఆకలని వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్ళు. పప్పు చిక్కగా ఉన్న రోజున అన్నం మిగిలేది. కాబట్టి పప్పు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుందనుకోవద్దు. ఆ డబ్బు బియ్యం రూపంలోనో, రాత్రిపూట కొనుక్కునే బజ్జీల రూపంలోనో ఎలాగూ పోతుంది.

లెక్క కావాలంటే ఇదిగో. కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. బియ్యం, జొన్నలు కలిపి 400 గ్రాములు తింటే అందులోంచే ముప్ఫై గ్రాములకు పైగా వస్తుంది. 85 గ్రాముల పప్పులో పద్దెనిమిది, గుప్పెడు పల్లీల్లో ఏడు. అక్కడికే యాభై దాటిపోయింది. బియ్యంలో తక్కువైనది పప్పు ఇస్తుంది, పప్పులో తక్కువైనది బియ్యం ఇస్తుంది, అందుకే రెండూ కలిపి తినాలి. ప్రొటీన్ పొడుల డబ్బాలు కొనకుండానే, ఏ పల్లెటూరి కిరాణా కొట్లో సరుకుతోనైనా ఈ లెక్క కుదురుతుంది.

2. కందిపప్పు ఒక్కటే పప్పు కాదు

2015లో కందిపప్పు కిలో రెండొందలు తాకినప్పుడు చాలా ఇళ్ళలో పప్పు వండటమే మానేశారు. నాకు అది బాధనిపించింది. కందిపప్పు పిరమైతే పెసలున్నాయి, శనగలున్నాయి, అలసందలున్నాయి, ఉలవలున్నాయి. ప్రొటీన్‌లో ఇవన్నీ ఇంచుమించు ఒకటే, వంద గ్రాములకు సుమారు ఇరవై గ్రాములు. ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది. ఆ నెల ఏది చవకగా ఉంటే అది తెచ్చుకోండి.

వీటిలో ఉలవల మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఒక్క ఉడుకుతో రెండు వంటలొస్తాయి. ముందు చేటలో పోసి రాళ్ళు ఏరండి. ఉలవల్లో రాళ్ళు గింజ రంగులోనే ఉంటాయి కాబట్టి దీపం కింద కాదు, పగటి వెలుతురులో ఏరాలి. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు ఎక్కువగా పోసి, గింజ వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగేదాకా కుక్కర్‌లో ఉడికించండి. నీళ్ళు వంచి పక్కన పెట్టుకోండి. ఆ నీళ్ళలో చింతపండు రసం, ఉల్లిపాయ, కారం వేసి మరిగిస్తే మధ్యాహ్నానికి చారు. గింజలకు ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పెడితే సాయంత్రానికి గుగ్గిళ్ళు. ఆ గుగ్గిళ్ళు ఒక గిన్నెడు తిన్నవాడికి బజ్జీల బండి వైపు చూపు పోదు.

ఏ గింజ అయినా నానబెట్టి వండితే గ్యాసు మిగులుతుంది, కడుపు ఉబ్బరమూ తక్కువ. పెసలు మొలక కట్టి తింటే సి విటమిన్ అదనం.

3. డబ్బాలో ఒక పొడి ఎప్పుడూ ఉండాలి

వేయించిన బుడ్డలు (పల్లీలు), కాసిన్ని పుట్నాలు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు. మిక్సీలో ఆపి ఆపి తిప్పితే చాలు, ఒక్కసారే తిప్పేస్తే నూనె దిగి ముద్దవుతుంది. అన్నం, ఇడ్లీ, రొట్టె, ఉగ్గాని దేనికైనా సరిపోతుంది. కూర చేసే ఓపిక లేని రోజున కూడా పళ్ళెంలో ప్రొటీన్ ఉంటుంది. నువ్వుల పొడి, అవిసె గింజల కారం కూడా అంతే. బూజు పట్టిన పల్లీలు, నోట్లో వేసుకుంటే చేదుగా తగిలేవి మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. ఆ బూజులో విషం ఉంటుంది, వేయించినా పోదు.

4. రేషన్ బియ్యాన్ని చిన్నచూపు చూడకండి

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు మా వైపు కూలి జనం ఎంత సంబరపడ్డారో చూసిన దాన్ని. ఇప్పుడు అదే రేషన్ బియ్యాన్ని తక్కువకు అమ్ముకుని, అంతకు రెండు మూడు రెట్లు పెట్టి సన్నబియ్యం కొంటున్న ఇళ్ళను చూస్తుంటే మనసొప్పదు. ఆ తేడా డబ్బుతో నెలకు సరిపడా పప్పు వస్తుంది.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు కాస్త తేడాగా కనిపిస్తాయి. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి కూడా. ప్లాస్టిక్ బియ్యమని ఎవరో చెబితే జనం కూర్చుని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసి బస్తాలో కలుపుతారు. ఏరి పారేస్తే ప్రభుత్వం ఇచ్చిన మందును పెంటకుప్పలో వేసినట్టే. బియ్యాన్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా రుద్ది రుద్ది కడగొద్దు, రెండుసార్లు చాలు. గంజి వారిస్తే ఆ గంజిని పారబోయకండి. చారులో కలపండి, లేదా ఉప్పు, మజ్జిగ వేసుకుని తాగండి.

5. వారంలో కొన్ని పూటలు జొన్న, రాగి

వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పాలలో 120. పాలలోది ఒంటికి ఇంకా బాగా పడుతుందన్న మాట నిజమే కానీ, రోజూ గ్లాసు పాలు కొనలేని ఇంట్లో రాగి జావను మించినది లేదు. సంగటి రాని పిల్లలు జావ కాచుకోండి. రాత్రే పిండి నీళ్ళలో కలిపి పెట్టుకుంటే పొద్దున పది నిమిషాల పని. జొన్నరొట్టె చేతితో తట్టడం రాకపోతే పిండిలో ఉల్లిపాయ, ఆకుకూర కలిపి పెనం మీద మందంగా ఒత్తేయండి. గుండ్రంగా రాకపోయినా ఏం కాదు.

6. ఆకుకూర మీద పెట్టిన పది రూపాయలు వృథా పోవు

తోటకూర, బచ్చలి, చుక్కకూర, గోంగూర, పొన్నగంటి, గంగవాయిలి. ఇన్ని రకాలు ఇంత చవకగా దొరకడం మన అదృష్టం. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక పట్నంలో ఉండేవాళ్ళకు కూడా తాజా కట్టలు అందుతున్నాయి. ఎర్రగడ్డ, మెహదీపట్నం దగ్గర్లో ఉండే పిల్లలు వారానికి ఒకసారి అక్కడికి వెళ్ళినా చాలు. బజారు మూసే వేళకు వెళ్తే ఆకుకూర ఇంకా తగ్గించి ఇస్తారు. తెచ్చిన రోజు రెండు రకాలు వండేసి, మిగతాది తడి ఆరబెట్టి పాత పేపర్లో చుట్టి పెట్టుకోండి.

వేరుగా వేపుడు చేయకుండా పప్పులోనే వేయండి. నూనె ఆదా అవుతుంది, పప్పుకు ఒదుగు వస్తుంది. కాడల్ని పారేయకండి, లేత కాడలు సన్నగా తరిగి వేస్తే తెలియనే తెలియదు. ముల్లంగి కొంటే దాని ఆకు కూడా పప్పులోకి పనికొస్తుంది. దుకాణంలో తుంచి పడేస్తుంటే అడిగి తెచ్చుకోండి. మునగచెట్టు ఇంటి దగ్గరుంటే ఇక చెప్పేదే లేదు. కొమ్మ దులిపి ఆకు నీడలో ఆరబెట్టి పొడి కొట్టుకోవచ్చు.

ఆకులోని ఐరన్ ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడవ్వాలి. దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనం తర్వాత ఒక జామకాయ తినండి. భోజనం చేసిన వెంటనే టీ మాత్రం తాగొద్దు. తిన్న ఐరన్‌ను ఒంటికి పట్టకుండా చేస్తుంది అది. కనీసం గంట ఆగండి. ఇది ఒక్కటి పాటిస్తే పైసా ఖర్చు లేకుండా లాభం.

7. మాంసం తినేవాళ్ళకు

గుడ్డు తక్కువ ఖర్చులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. కోడి కొట్టు దగ్గర అందరూ మెత్తటి ముక్కలు అడుగుతుంటారు. మీరు కార్జాలు అడగండి. ధర తక్కువ, రక్తానికి బలం ఎక్కువ. తినని వాళ్ళకు మీల్‌మేకర్ ఉంది. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్ళీ ఒకసారి కడిగి వండితే వాసన పోతుంది.

8. రాత్రి తొమ్మిదింటి ఆకలికి ముందే ఏర్పాటు చేసుకోండి

గదుల్లో ఉండే పిల్లల డబ్బు పొద్దున టిఫిన్‌లో పోదు, మధ్యాహ్నం భోజనంలో పోదు. రాత్రి గదికి చేరాక, వండే ఓపిక లేనప్పుడు పోతుంది. ఫోన్ తీసి ఒక్క బిర్యానీ తెప్పించుకుంటే వారం పప్పు ఖర్చు అయిపోయినట్టే. బయట తినడం తప్పని నేను అనను. పండక్కో, పుట్టినరోజుకో సంతోషంగా తినండి. నీరసంతో తెప్పించుకునేదాని గురించే నా బాధ. పొద్దున వెళ్ళేటప్పుడే శనగలో పెసలో నానేసి వెళ్ళండి. వచ్చాక కుక్కర్ ఎక్కించి స్నానం చేసి వచ్చేసరికి ఉడికిపోతాయి. అంత కూడా వద్దనుకుంటే పల్లీలు, బెల్లం ముక్క, అరటిపండు గదిలో ఉంచుకోండి.

పాలలో కలిపే రుచి పొడుల డబ్బాల విషయంలోనూ జాగ్రత్త. వాటిలో చాలావాటిల్లో చక్కెరే ఎక్కువ. 2024లో కేంద్ర వాణిజ్య శాఖ వాటిని హెల్త్ డ్రింకులని పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. ఆ డబ్బుకు పాలే ఇంకో అర లీటరు తెచ్చుకోండి.

9. అయిదు రూపాయల భోజనానికి సిగ్గుపడకండి

హైదరాబాద్‌లో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం ఉంది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో ఆగి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. మా మనవడు ఒకడు ఆ వరుసలో నిలబడటానికి మొహమాటపడి మధ్యాహ్నం బిస్కెట్లతో గడిపేవాడు. వేడి అన్నం, పప్పు, కూర పెడుతుంటే బిస్కెట్లు తినడమేమిటి నాయనా? చదువుకునే పిల్లలు, కూలి చేసుకునేవాళ్ళు కడుపునిండా తినాలనే ఆ క్యాంటీన్లు పెట్టారు. మధ్యాహ్నం అక్కడ తింటే రాత్రికి గుడ్డు కొనుక్కునే వీలుంటుంది.

10. ఆఖరున తినే మనిషిని చూడండి

ఇది ఇళ్ళవాళ్ళకు. మన ఇళ్ళలో ముందు మగవాళ్ళు, పిల్లలు తింటారు. ఆడమనిషి చివర్లో కూర్చుంటుంది. అప్పటికి పప్పు గిన్నె అడుగంటి ఉంటుంది, కూరలో ముక్కలు అయిపోయి ఉంటాయి. ఆమె పళ్ళెంలో పడేది అన్నం, ఆవకాయ, మజ్జిగ. డబ్బు తక్కువైన నెలలో ఆ కోత అంతా ఆమె ఒక్కదాని మీదే పడుతుంది. ఎవరూ కావాలని చేయరు, ఎవరూ చూడరు, అంతే. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని తేలింది. పేదరికం ఒక్కటే దానికి కారణమంటే నేను ఒప్పుకోను. ఉన్నదాన్ని ఎలా పంచుకుంటున్నామన్నది కూడా కారణమే.

పొదుపుగా వండిన ఇంట్లోనే వడ్డన మీద ఎక్కువ శ్రద్ధ ఉండాలి. పప్పూ కూరా దించగానే ఇంట్లో ఎందరుంటే అన్ని గిన్నెల్లోకి పంచేయండి, వండిన మనిషి గిన్నెతో సహా. గుడ్లు నాలుగే ఉండి మనుషులు అయిదుగురైతే పొరటు చేసి అందరికీ వేయండి. నెలసరి వచ్చే ఆడపిల్లకు, పాలిచ్చే తల్లికి ఆకుకూర పప్పు ఒక గరిటె ఎక్కువే పడాలి. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం, పాలిపోయిన కళ్ళు కనిపిస్తే పనెక్కువై అని సరిపెట్టుకోకండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఎంతుందో ఉచితంగా చూస్తారు, ఐరన్ మాత్రలూ ఉచితంగా ఇస్తారు. ఈ వారంలోనే మీ అమ్మనో, భార్యనో, అక్కనో తీసుకెళ్ళి చూపించండి.