తల్లి దగ్గర ఎనిమిది వారాలు

గుడివాడలో ఒక కుటుంబం హైదరాబాద్ బ్రీడర్ దగ్గరున్న లాబ్రడార్ పిల్లను ఫోన్లో ఫొటో చూసి కొన్నదనుకుందాం. డబ్బు యూపీఐలో పంపారు. పిల్ల అట్టపెట్టెలో రాత్రి బస్సెక్కి వచ్చింది. వయసెంతని అడిగితే ‘నెలా పదిరోజులు’ అన్నాడు బ్రీడర్. రెండో రోజు వాంతులు, నెత్తురు విరేచనాలు. నాలుగో రోజు పోయింది. ఇంట్లోని పిల్లలు ఏడుపు మానలేదు. ఫోన్ చేస్తే, ‘పంపినప్పుడు బాగానే ఉందండీ, ఆ తర్వాత మాకు సంబంధం లేదు’ అన్నాడు.

సంబంధం ఉంది. నెలా పదిరోజుల పిల్లను అమ్మడమే మొదటి తప్పు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017 మేలో నియమాలు తెచ్చింది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద వచ్చిన ఈ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవారికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. పిల్లకు టీకా వేయించి, మైక్రోచిప్ పెట్టించాకే చేతికివ్వాలి. పెద్ద కెన్నెల్ వాళ్లకే ఇవన్నీ అనుకోకండి. ఇంట్లో జాతి కుక్కను పెట్టుకుని ఈత ఈతకూ పిల్లల్ని అమ్ముకునేవారూ, మధ్యలో బేరం కుదిర్చి పంపే వ్యాపారులూ ఈ నియమాల కిందికే వస్తారు. దుకాణాల కోసం 2018లో వేరే నియమాలు వచ్చాయి.

‘చిన్నప్పుడే తెస్తే బాగా మచ్చికవుతుంది’ అనే మాట బందరులోనూ, అవనిగడ్డలోనూ వినిపిస్తుంది. తొందరపడి అమ్మేవాడికి బలం ఈ నమ్మకమే. నిజానికి మచ్చికయ్యే కాలం మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉంటుందని కుక్కల ప్రవర్తనను పరిశీలించినవారు చెబుతారు. ఎనిమిది వారాలు నిండాక ఇంటికి తెచ్చినా మనకు నెల రోజులు మిగులుతాయి. ముందరి వారాలు తల్లివీ, తోబుట్టువులవీ. తోబుట్టువును గట్టిగా కరిస్తే అది కీచుమని ఆట ఆపేస్తుంది. పంటిని ఎంతవరకు నొక్కాలో పిల్ల నేర్చుకునేది అక్కడే, మనం కర్ర పట్టుకుని నేర్పలేం. నెలా పదిరోజుల లోపే తల్లికి దూరమైన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా మొరగడం, బయటికి తీసుకెళ్తే బెదరడం, తిండి దగ్గర మీదికి రావడం, రెండు నెలలు తల్లి దగ్గరున్న వాటికంటే ఎక్కువని ఇటలీలో 2011లో వచ్చిన అధ్యయనం చూపించింది. అలాంటి కుక్క పసిబిడ్డను కరిచిందంటే దాన్ని ఊరి చివర వదిలేసి వస్తారు. చట్టం అడ్డుకోవాలనుకున్నది ఇదంతా.

పై ఉదాహరణలోని కుటుంబం ఏం చెయ్యాలి? కళేబరాన్ని పూడ్చకముందే ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో పోస్టుమార్టం చేయించి నివేదిక తీసుకోవాలి. ఇలాంటి వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చే పార్వో జబ్బు సోకాక బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. వచ్చిన రెండో రోజే లక్షణాలు కనిపిస్తే, జబ్బు అక్కడి నుంచే వచ్చిందనడానికి అదే గట్టి ఆధారం. వయసు గురించి అమ్మినవాడు పంపిన వాట్సాప్ మెసేజీలు, డబ్బు పంపిన వివరాలు చెరిపెయ్యకండి.

తర్వాత వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం చరాస్తి ఏదైనా వస్తువే, కొన్న కుక్కపిల్ల కూడా. ప్రాణమున్నదాన్ని వస్తువనడం నాకూ కష్టంగానే ఉంటుంది, అయినా డబ్బు తిరిగి రాబట్టే దారి ఇదే. చట్టం కోరిన ప్రమాణం లేకపోతే అది లోపమే. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బ్రీడర్ హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు అక్కడికి వెళ్లక్కర్లేదు. కొన్నవారు ఉండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. గుడివాడ, దివిసీమ వాసులకు మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా కమిషన్ ఉంది. కొన్న ధర ఐదు లక్షల వరకు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వకీలు కావాలనుకుంటే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

బ్రీడర్ మీద చర్య కోసం పశుసంవర్ధక శాఖ ద్వారా రాష్ట్ర మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఈ నియమాలు మీరితే వంద రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. వేలకు వేలు తీసుకుని పిల్లల్ని అమ్మేచోట వంద రూపాయల జరిమానా ఎవరినీ భయపెట్టదు. ఈ అంకెను పార్లమెంటు మార్చాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. అందాకా వాళ్లకు అసలైన దెబ్బ రిజిస్ట్రేషన్ పోవడం, కొనేవాళ్లు మానేయడం.

కొనేముందు పుట్టిన తేదీ రాయించుకోండి. తల్లిని చూపించమనండి. నోరు తెరిచి చూడండి: రెండు నెలల పిల్లకు పాలపళ్లు 28 వచ్చి ఉంటాయి. దూరం నుంచి వచ్చే పిల్లతో పాటు ప్రయాణానికి తగ్గ ఆరోగ్యం ఉందని పశువైద్యుడిచ్చిన ధ్రువపత్రం ఉండాలి. లేకపోతే దింపుకోకండి.

నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల కాపలాకు ఊరి కుక్క ఈనిన పిల్లనే తెచ్చుకునేవారుంటారు. ఊరకే ఇచ్చిపుచ్చుకునేచోట ఈ అమ్మకం నిబంధన వర్తించదు. కానీ దాని కడుపుకూ ఎనిమిది వారాల పాలు కావాలి. కళ్లు తెరిచీ తెరవకముందే గోనెసంచిలో వేసుకుపోకండి. తల్లి ఉన్న చోటే ఉంచి, నట్టల మందు తాగించి, ఏడో వారంలో పార్వో టీకా వేయించి, ఎనిమిది వారాలు నిండాక తీసుకెళ్లండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక.

ఇప్పటికే చిన్నపిల్లను తెచ్చేసి ఉంటే, తల్లి ఇంకా పాలిస్తూ ఉండి, ఇంటి దగ్గరలోనే ఉంటే తిరిగి దాని దగ్గర వదలడం మేలు. అలా కుదరకపోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి, వయసు, బరువు, వచ్చిన తేదీ చీటీ మీద రాయించుకోండి.